వేగవిద్యా గురువు ఎస్. కరివర్ధన్

మన అనంతపురం పీఠభూమిలో దూరమంటే ఏమిటో ఎవరికీ వేరుగా చెప్పనక్కరలేదు. ఊరికీ ఊరికీ మధ్య బోడిగుట్టలు, పరుపుబండలు, తుమ్మచెట్లు, వాన కోసం ఆకాశంవైపు చూసే వేరుశనగ చేలు. దేశంలో అతి తక్కువ వర్షపాతం గల ప్రాంతాలలో ఒకటిగా పేరుపడ్డ ఈ గడ్డమీద పంట తప్పిన ఏట బెంగుళూరుకో, మరింత దూరాలకో పోక తప్పదు. అట్లా పోయినవారిలో ఎందరో చేతబట్టుకొని పోయిన విద్య ఒక్కటే. అది బండి నడిపే విద్య. లారీ తోలేవారు, గల్ఫు దేశాలలో కారు నడిపేవారు, షెడ్డులో ఇంజను విప్పి బిగించే మేస్త్రీలు మన విద్యార్థుల ఇండ్లలోనే ఉన్నారు. అయినను ఆ విద్యను విద్యగా గౌరవించే అలవాటు మనకు ఇంకా రాలేదు. చదువు అబ్బనివాడు స్టీరింగు పట్టుకుంటాడన్న తేలికభావం మన సమాజంలో నేటికీ కలదు.

ఆ భావం ఎంత పొరపాటో తెలుసుకొనుటకు ఒక మహనీయుని జీవితాన్ని మా విద్యార్థులకు పరిచయం చేయదలచినాము. ఆయన కారు నడుపుటను ఒక శాస్త్రంగా, ఒక కళగా ఆరాధించిన వ్యక్తి. సంపన్నుల ఇంట పుట్టి కూడా చేతులకు గ్రీజు అంటించుకొనుటకు వెనుదీయని వ్యక్తి. తాను సాధించిన వేగాన్ని తనతోనే ఉంచుకొనక, తరువాతి తరానికి పాఠంగా మలచి ఇచ్చిన వ్యక్తి. ఆయనే కోయంబత్తూరుకు చెందిన ఎస్. కరివర్ధన్. మోటారు పందెముల లోకం ఆయనను కరి అని ముద్దుగా పిలుచుకొన్నది.

కరివర్ధన్ 1954లో జన్మించారు. ఆయన జన్మస్థలమైన కోయంబత్తూరును గూర్చి ముందుగా రెండు మాటలు చెప్పవలసి ఉన్నది. విజయనగర రాజుల కాలంలోను, వారి తరువాత నాయకరాజుల కాలంలోను తెలుగునేల నుండి దక్షిణాదికి తరలిపోయిన కుటుంబాలు అనేకం. ఆ రాజ్యానికి మన పెనుకొండ కొంతకాలం రాజధానిగా ఉన్న సంగతి విద్యార్థులకు తెలిసినదే. అట్లా తరలివెళ్ళిన రైతు కుటుంబాలు కోయంబత్తూరు పరిసరాలలోని నల్లరేగడి భూములలో స్థిరపడి పత్తి పండించాయి. ఇరవయ్యవ శతాబ్దంలో ఆ పత్తి నుండి మిల్లులు, మిల్లుల నుండి యంత్రశాలలు పుట్టాయి. 1910లో జి. కుప్పుస్వామి నాయుడుగారు స్థాపించిన లక్ష్మీ మిల్స్ అట్టి సంస్థలలో ప్రసిద్ధమైనది. కరివర్ధన్ ఆ వంశంలోని వారు. ఇంటిలో తెలుగు, వీధిలో తమిళం, యంత్రశాలలో ఇంగ్లీషు వినిపించే వాతావరణం అది. రెండు భాషల మధ్య పెరిగే మన కళాశాల విద్యార్థులకు అట్టి వాతావరణం కొత్త కాదు.

ఆ పట్టణంలోనే అంతకు ముందు తరంలో జి.డి. నాయుడుగారు వెలిసినారు. 1893లో జన్మించిన ఆయన బడి చదువు పెద్దగా సాగించలేదు. ఒక ఆంగ్లేయ అధికారి మోటారు సైకిలును చూసి మోహించి, హోటలులో పనిచేసి డబ్బు కూడబెట్టి, ఆ బండిని కొని, దాని అంగాంగమూ విప్పి తిరిగి బిగించి యంత్రవిద్య నేర్చుకొన్నారు. 1920లో ఒకే ఒక్క బస్సుతో పొల్లాచ్చి, పళని పట్టణముల మధ్య ప్రయాణికులను చేరవేయుట మొదలుపెట్టి, తానే దానిని నడిపినారు. కాలక్రమాన అది పెద్ద బస్సు సంస్థ అయింది. 1974లో ఆయన కన్నుమూసే నాటికి కోయంబత్తూరులో యంత్రాన్ని తన చేతితో తాకి తెలుసుకోవలెనన్న సంప్రదాయం బలంగా వేరూనినది. ఆ నేలలో మొలిచిన మొక్కయే కరివర్ధన్.

ఆయన యౌవనంలో భారతదేశంలో మోటారు పందెమంటే మద్రాసు సమీపంలోని షోలవరమే. రెండవ ప్రపంచయుద్ధ కాలపు విమానాల దారి అది. 1953లో ఏర్పడిన మద్రాస్ మోటార్ స్పోర్ట్స్ క్లబ్ వారు ఆ పాత దారిమీద పందెములు నడిపించేవారు. పందెం రోజులలో అక్కడికి వేలాదిగా జనం వచ్చేవారు. ఏడాదిలో కొద్ది రోజులు మాత్రమే దొరికే ఆ దారిమీద సంపన్నులు విదేశాల నుండి తెప్పించిన కార్లతోను, తక్కినవారు ఫియట్, అంబాసిడర్ వంటి దేశీయ కార్లను తమ చేతులతో మార్చుకొని తోలిన బండ్లతోను పోటీ పడేవారు. ఆ రంగంలో కరివర్ధన్ ప్రవేశించి అనతికాలంలోనే దేశంలోని మేటి చోదకులలో ఒకరుగా పేరు పొందినారు.

ఇచ్చట ఆ విద్య స్వరూపాన్ని కొంత వివరించక తప్పదు. కారు నడుపుట అంటే యాక్సిలరేటరు తొక్కుట అని చాలామంది అనుకొంటారు. తొక్కుట ఎవరికైనా వచ్చును. ఇంజనుకు తన బలమంతా చూపగల ఒక నియమితమైన భ్రమణవేగం ఉంటుంది. దానికన్న తక్కువగా తిరిగితే ఈడ్చుకొనిపోతుంది, మించి తిరిగితే చెడిపోతుంది. చక్రాలు ఎంత నిదానంగా తిరిగినా, ఎంత జోరుగా తిరిగినా ఇంజనును మాత్రం ఆ మేలైన స్థితిలో నిలిపి ఉంచే సాధనమే గేరు. తనంత తాను గేరు మార్చుకొనే బండిలో ఆ నిర్ణయం యంత్రానిది. చేతి గేరు బండిలో ఆ నిర్ణయం మనిషిది.

మలుపు వద్దకు వచ్చినప్పుడు ఈ విద్యలోని సూక్ష్మం బయటపడుతుంది. బండి మంచి జోరుమీద ఉంది. మలుపు ముందు వేగం తగ్గించాలి. మలుపు దాటగానే తిరిగి దూకుటకు చిన్న గేరులో ఉండాలి. అదే వేగానికి చిన్న గేరులో ఇంజను మరింత వడిగా తిరగవలసి ఉంటుంది. అది చూసుకొనక క్లచ్చి వదిలితే చక్రాలు ఒక్కసారిగా బిగుసుకొన్నట్లయి, నేలమీద పట్టు సడలి బండి పక్కకు జారుతుంది. కనుక నేర్పరి అయినవాడు కుడిపాదం మునివేళ్ళతో బ్రేకును నొక్కుతూనే, అదే పాదం మడమతో యాక్సిలరేటరును ఒక్క క్షణం తాకి ఇంజను వడిని పెంచుతాడు. ఆ క్షణంలోనే ఎడమకాలు క్లచ్చిమీద, ఒక చేయి గేరు కడ్డీమీద, మరొక చేయి స్టీరింగుమీద పనిచేస్తుంటాయి. నాలుగు అవయవాలు నాలుగు పనులు చేస్తుండగా చెవి ఇంజను శ్రుతిని వింటుంది. వీపు బండి జారుడును పసిగడుతుంది. కన్ను మాత్రం ఈ మలుపును విడిచి తరువాతి మలుపును చూస్తుంటుంది. వీటన్నిటికీ పట్టే కాలం ఒక్క సెకను కూడా కాదు. తాళం తప్పని మృదంగ విద్వాంసుని చేతికి, ఈ చోదకుని పాదానికి భేదం లేదని మా అభిప్రాయం.

అన్నీ కుదిరి గేరు చప్పుడు లేకుండా పడినప్పుడు చోదకునికి కలిగే ఆనందం చెప్పనలవి కానిది. యంత్రం తన శరీరంలో ఒక భాగమైనట్లు అతనికి తోస్తుంది. పెనుకొండ సమీపాన బరువు లారీని ఎగువకు ఎక్కించే మన డ్రైవరుకు కూడా ఈ ఆనందం తెలుసు. ఇంజను గొంతు మారిన క్షణాన గేరు దించకపోతే బండి నిలిచిపోతుందని అతనికి ఏ పుస్తకమూ చెప్పలేదు, చెవి చెప్పింది. 1928లో అమెరికాలో కాడిలాక్ కంపెనీ గేర్ల వడిని తనంతట తానే సరిచేసే ఏర్పాటును కార్లలో ప్రవేశపెట్టింది. అంతకు ముందు, ఆ తరువాత కూడా చాలాకాలం పెద్ద బండ్లలో, క్లచ్చిని రెండుమార్లు తొక్కి ఇంజను వడిని గేరు వడితో కలుపవలసి వచ్చేది. మన పాతతరం బస్సు డ్రైవర్లకు అది నిత్యకృత్యం. పందెపు చోదకుడు చేసేదీ అదే పని. భేదం వేగంలోనే ఉన్నది.

కరివర్ధన్ ఈ విద్యలో ఆరితేరి, పందెములు గెలిచి అంతటితో తృప్తి చెంది ఉంటే మేము ఈ వ్యాసం వ్రాయవలసిన పని ఉండేది కాదు. ఆయనను ఒక ప్రశ్న వెంటాడినట్లు ఆయన చేసిన పనులనుబట్టి తెలుస్తున్నది. ఈ దేశంలో పందెపు కారు నడుపుట ధనవంతుల వినోదంగానే మిగిలిపోవలెనా అన్నదే ఆ ప్రశ్న. విదేశపు పందెపు కారు వెల ఒక భారం, దానిమీద దిగుమతి సుంకం మరొక భారం. విడిభాగం ఒకటి విరిగితే నెలల తరబడి ఎదురుచూపు. ఇట్టి పరిస్థితిలో ప్రతిభ ఉన్న పేదవాడు, మధ్యతరగతివాడు పందెపు దారిని గేటు బయట నిలబడి చూడవలసిందే. గెలుపు ఓటములు సైతం నేర్పును బట్టి గాక బండి వెలను బట్టి తేలేవి.

ఈ చిక్కుకు ఆయన కనుగొన్న పరిష్కారం ఎంత తేలికైనదో అంత గొప్పది. 1983 చివరలో మారుతి 800 కారు మన రోడ్లమీదకు వచ్చింది. కొద్ది సంవత్సరాలలోనే దాని భాగాలు ప్రతి పట్టణంలోను దొరకసాగాయి. దానిని బాగుచేయగల మేస్త్రీలు ప్రతి వీధిలోను తయారైనారు. మూడు సిలిండర్ల చిన్న ఇంజను అది, సుమారు నలభై అశ్వశక్తి మాత్రమే గలది. ఆ ఇంజనును తీసుకొని కరివర్ధన్ ఒకే ఒక్క మనిషి కూర్చొనే తేలికపాటి పందెపు కారును రూపొందించినారు. అదే ఫార్ములా మారుతి. పైకప్పు లేదు, చక్రాలు బయటకే కనిపిస్తాయి, నేలకు జానెడు ఎత్తున చోదకుడు కూర్చొంటాడు. అంతర్జాతీయ పందెముల కార్లకు గల రూపమంతా దానికి ఉన్నది, ఖర్చు మాత్రం లేదు.

నలభై అశ్వశక్తితో పందెమా అని నవ్వేవారు ఉండవచ్చు. ఇందులోనే గురువు యొక్క దూరదృష్టి దాగి ఉన్నది. బలమైన ఇంజను చోదకుని తప్పులను కప్పిపుచ్చుతుంది. మలుపులో వేగం పోగొట్టుకొన్నా యాక్సిలరేటరు తొక్కి తిరిగి సంపాదించుకోవచ్చు. చిన్న ఇంజను అట్టి క్షమాభిక్ష పెట్టదు. మలుపులో ఒక అడుగు దారి తప్పినా, గేరు ఒక్క క్షణం ఆలస్యమైనా, పోయిన వేగం తిరిగి రావటానికి తిన్నని దారి అంతా పడుతుంది. ఈలోగా నలుగురు దాటిపోతారు. అందరివీ ఒకే రకపు బండ్లు కనుక సాకు చెప్పుకొనుటకు వీలు లేదు. ముందున్నవాడు నేర్పు వల్లనే ముందున్నాడు. ఎండిన నేలలో సాగుచేసే రైతుకు ఈ సంగతి వెంటనే అర్థమవుతుంది. నీరు సమృద్ధిగా ఉన్నచోట ఎవరైనా పండించగలరు. ఒక్క పదును వానతో పంట తీసేవాడే అసలైన సేద్యగాడు. ఫార్ములా మారుతి అట్టి మెట్టసేద్యం వంటి పాఠశాల.

ఆ పాఠశాల నుండి వెలువడిన శిష్యులలో అగ్రగణ్యుడు నారాయణ్ కార్తికేయన్. 1977లో జన్మించిన ఈయన కరివర్ధన్‌కు బంధువు. తండ్రి జి.ఆర్. కార్తికేయన్ కూడా ర్యాలీ పందెములలో పేరుపొందినవారు. 1990 నాటికి మద్రాసు సమీపాన ఇరుంగాట్టుకోట్టైలో శాశ్వతమైన పందెపు దారి ఏర్పడి, షోలవరం పాత దారి అవసరం తీరిపోయింది. అక్కడ ఫార్ములా మారుతి కార్లలో మొదటి పాఠాలు నేర్చుకొన్న నారాయణ్, ఆపైన ఫ్రాన్సు, ఇంగ్లండు దేశాలలో శిక్షణ పొంది, 2005లో జోర్డాన్ జట్టు తరఫున ఫార్ములా వన్ పందెంలో పాల్గొన్న మొదటి భారతీయుడైనారు. ఆ ఏడు అమెరికా పందెంలో టైర్ల భద్రతపై వివాదం వల్ల చాలా జట్లు తప్పుకొనగా, బరిలో నిలిచిన ఆరు కార్లలో ఆయన నాలుగవ స్థానం పొంది పాయింట్లు కూడా సంపాదించినారు. నలభై అశ్వశక్తి బండితో మొదలైన ప్రయాణం ప్రపంచంలోని అత్యంత వేగవంతమైన బండ్ల వరుసను చేరుకొన్నది.

ఆ వైభవాన్ని చూచుటకు గురువు లేకపోవుట విధివైపరీత్యం. కరివర్ధన్‌కు నేలమీది వేగంతోపాటు ఆకాశయానం పట్ల కూడా మక్కువ ఉండేది. 1995 ఆగస్టులో జరిగిన విమాన ప్రమాదంలో ఆయన అకాలమరణం పొందినారు. అప్పటికి ఆయన వయస్సు నలభై దాటి ఎంతో కాలం కాలేదు. 2003లో కోయంబత్తూరు సమీపంలోని చెట్టిపాళయం వద్ద సుమారు రెండు కిలోమీటర్ల పందెపు దారి ప్రారంభమైనప్పుడు దానికి కరి మోటార్ స్పీడ్‌వే అని ఆయన పేరే పెట్టినారు. తక్కువ ఖర్చుతో దేశీయ ఇంజనును ఉపయోగించి పందెపు కారు తయారు చేసే ఆయన పద్ధతి ఆ పట్టణంలో కొనసాగి, ఎందరో యువకులకు తొలిమెట్టు అయినది.

ఇంతవరకు చదివిన కొందరికి ఒక సందేహం కలుగవచ్చు. తాగునీటికి కటకటపడే సీమలో పెట్రోలు తగులబెట్టే పందెముల గొడవ మనకెందుకు? పైగా వేగమే కదా మన రోడ్లమీద ప్రాణాలు తీస్తున్నది? ఈ సందేహం న్యాయమైనదే. 2022 సంవత్సరం ఒక్కదానిలోనే మన దేశంలో రోడ్డు ప్రమాదాల వల్ల 1 లక్షా 68 వేలమందికి పైగా మరణించినారు. వాటిలో అధికభాగానికి అతివేగమే కారణంగా లెక్కతేలింది. మన ఊరిమీదుగా పోయే హైదరాబాదు, బెంగుళూరు జాతీయ రహదారి ఎన్ని కుటుంబాలకు కన్నీరు మిగిల్చినదో మనం ఎరుగనిది కాదు.

అయితే ఆ చోదకులకు, కరివర్ధన్ శిష్యులకు మధ్య గల భేదాన్ని గుర్తించవలెను. పందెపు దారిలో ఎదురుగా వచ్చే బండి లేదు, దాటే పసివాడు లేడు, పశువు లేదు. అక్కడి చోదకుడు శిరస్త్రాణం ధరించి, నడుముకు, భుజాలకు పట్టీలు బిగించుకొని, నియమాలకు లోబడి నడుపుతాడు. బండి పట్టు ఎక్కడ తప్పుతుందో అనుభవపూర్వకంగా తెలిసినవాడు గనుక రోడ్డుమీద ఆ హద్దుకు ఎంతో దూరంలో ఉంటాడు. హద్దు తెలియనివాడే హద్దు దాటుతాడు. వేగం పట్ల యువకులకు గల ఆకర్షణను తిట్టి పోగొట్టలేము. దానికి తగిన చోటును, తగిన గురువును చూపించి క్రమశిక్షణగా మార్చవచ్చును. కరివర్ధన్ చేసిన లోకోపకారం ఇదే అని మేము భావిస్తున్నాము.

మరొక సందేహం కూడా కలదు. చేతి గేరు కాలమే చెల్లిపోతున్నది గదా అనవచ్చు. అదీ నిజమే. 1989లోనే ఫెరారీ జట్టు స్టీరింగు వెనుక మీటలతో గేరు మార్చే కారును ఫార్ములా వన్‌లో దింపి మొదటి పందెమే గెలిచింది. 2023 ఫిబ్రవరి 11న మన హైదరాబాదులో హుస్సేన్ సాగర్ ఒడ్డున జరిగిన ఫార్ములా ఈ పందెంలో పరుగెత్తిన విద్యుత్తు కార్లకు మార్చవలసిన గేర్లే లేవు. మన పెనుకొండ వద్ద 2019 నుండి కార్లు తయారుచేస్తున్న కియా కర్మాగారంలోనే, 2020లో విడుదలైన సోనెట్ కారులో, గేరు కడ్డీ ఉండి క్లచ్చి పెడలు లేని ఏర్పాటు వచ్చింది. ఒకప్పుడు కరువు లెక్కలలో మాత్రమే పేరు వినిపించిన మన గడ్డమీదనే మోటారు చరిత్ర ఈనాడు మలుపు తిరుగుతున్నది.

కాని సాధనాలు మారినంత మాత్రాన విద్య నశించదు. గేరు కడ్డీ పోవచ్చు, దానిని పట్టిన చేయి నేర్చుకొన్న శ్రద్ధ పోదు. యంత్రం పలికే పలుకును వినుట, దాని బలమెంతో, బలహీనత ఎక్కడో ఎరుగుట, దానిని హింసించక మన్నించి పని తీసుకొనుట అన్న గుణాలు విద్యుత్తు మోటారుకు కూడా కావలసినవే. ఉర్దూలో దీనిని హునర్ అంటారు. పుస్తకంలోని ఇల్ము, చేతిలోని హునరు రెండు చక్రాల వంటివి. ఒకటే ఉన్న బండి ముందుకు పోదు. మన షెడ్డులలో ఉస్తాదు ముందు చేతులు కట్టుకొని నిలబడి పానా అందించే కుర్రవాడు నేర్చుకొనేది ఈ హునరే. అతనికి లేనిది ఇంజనీరింగు పుస్తకం. మన తరగతిలో కూర్చొన్న విద్యార్థికి లేనిది పానా. కరివర్ధన్ ఈ రెంటినీ ఒకే చేతిలో పట్టుకొన్నారు. ఆయన గొప్పతనానికి మూలం అదే.

మా విద్యార్థినులు కూడా ఇది తమకు సంబంధించిన విషయం కాదని అనుకోరాదు. చెన్నైకి చెందిన అలీషా అబ్దుల్లా మోటారు సైకిలు పందెములలోను, కారు పందెములలోను పురుషులతో సమానంగా పోటీపడి దేశంలో పేరు తెచ్చుకొన్నారు. క్లచ్చికి, గేరుకు స్త్రీ పురుష భేదం తెలియదు.

కళాశాల నిర్వాహక సంఘం పెద్దలకు మా విన్నపం ఒకటి కలదు. మన ప్రాంతంలో అనుభవం గల డ్రైవర్లు, మేస్త్రీలు ఎందరో ఉన్నారు. ఏటా కొన్ని రోజులైనా వారిని గౌరవంగా కళాశాలకు పిలిపించి, ఒక పాత ఇంజనును, ఒక గేర్ బాక్సును విద్యార్థుల ముందు విప్పించి బిగింపజేస్తే అది వెయ్యి పుటల పాఠంతో సమానం. దీనికి కావలసినది పెద్ద ధనం కాదు. ఆ మేస్త్రీకి ఒక కుర్చీ వేసి, ఆయనను ఉపాధ్యాయుడని పిలిచే మనస్సు. మారుతి ఇంజనుతో దేశానికి ఒక పాఠశాలను ఇచ్చిన కరివర్ధన్‌కు మన కరువు సీమ అర్పించగల నివాళి అంతకన్న మరొకటి లేదు.